పరిమిత ప్రభుత్వం అంటే చిన్న ప్రభుత్వమా? రాజ్యాంగవాదాన్ని ఆచరణలో ఎక్కడ పట్టుకోవాలి?

బైరాగిపట్టెడ గ్రూప్స్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. గ్రూప్-1 మెయిన్స్‌కు తిరుపతిలో కొందరం కలిసి చదువుతున్నాం. పాలిటీలో రాజ్యాంగవాదం దగ్గర ఆగిపోయాం. ఏ నోట్సు తెరిచినా "ప్రభుత్వ అధికారాన్ని రాజ్యాంగంతో పరిమితం చేయడమే రాజ్యాంగవాదం" అని ఒక లైను, దాని కిందే "రాజ్యాంగానికి లోబడి నడిచేదే పరిమిత ప్రభుత్వం" అని ఇంకో లైను. మొదటిది రెండోదాన్ని చూపిస్తుంది, రెండోది మొదటిదాన్ని చూపిస్తుంది. లోపల ఏముందో ఎవరూ చెప్పడం లేదు.

మాకు తేలనివి మూడు. రాజ్యాంగం ఉన్న ప్రతి దేశంలోనూ రాజ్యాంగవాదం ఉన్నట్టేనా? పింఛన్లు, రేషను, బడులు, ఆసుపత్రులు, బస్సులు అన్నీ తానే చూసుకునే మన ప్రభుత్వాన్ని పరిమిత ప్రభుత్వం అనొచ్చా? మూడోదే మాకు అన్నిటికంటే ముఖ్యం. కార్పొరేషన్ వాళ్లు ఇంటి తలుపుకు కూల్చివేత నోటీసు అంటించినప్పుడో, రోడ్ల మీద సభలు పెట్టకూడదని జీవో వచ్చినప్పుడో, ఈ పరిమితి సరిగ్గా ఏ చోట పనిచేస్తుంది? ఎవరు ఆపుతారు, దేన్ని చూపించి ఆపుతారు? ఆర్టికల్ నెంబర్లు, కేసులతో చెబితే మేలు చేసినవాళ్లవుతారు.

ప్రకాశం రోడ్డు పొలిటికల్ సైన్స్

రెండో సందేహం ముందు తీసుకుందాం, తక్కినవి దాని వెనకే వస్తాయి.

పరిమిత ప్రభుత్వం అంటే తక్కువ పనులు చేసే ప్రభుత్వం కాదు. ఎన్ని పనులు చేసినా, ప్రతి పనికీ "ఈ అధికారం నీకు ఎక్కడి నుంచి వచ్చింది" అని అడిగితే ఒక చట్టాన్నో, ఒక ఆర్టికల్‌నో చూపించాల్సిన ప్రభుత్వం. మన వైపు చెరువుకు కట్ట, తూము, మొరవ పెట్టేది నీళ్లు తగ్గించడానికి కాదు గదా. ఎన్ని నీళ్లు నిలిచినా అవి ఊరి మీద పడకుండా చేను దారి పట్టడానికి. పింఛనునే తీసుకోండి. వృద్ధాప్యంలో, జబ్బు చేసినప్పుడు ఆదుకోవాలని ఆర్టికల్ 41 రాజ్యానికి దారి చూపిస్తోంది. ఆ డబ్బు శాసనసభ ఆమోదించిన ద్రవ్య వినియోగ చట్టం నుంచే రావాలి. ఎవరికి ఇస్తారు, ఎవరికి ఇవ్వరు అన్నది చట్టం ముందు అందరూ సమానమనే ఆర్టికల్ 14 తప్పకుండా ఉండాలి. ఇస్తున్న పింఛను ఆపాలంటే ఆ మనిషికి కారణం చెప్పి, ఆయన మాట విని ఆపాలి. లక్షల మందికి చేరే పెద్ద పథకమే, అయినా అడుగడుగునా హద్దు ఉంది. దానికి ఎదురు ఉదాహరణ కూడా తలచుకోండి: ఏ పథకమూ లేని, సైన్యమూ పోలీసూ మాత్రమే ఉన్న ఒక చిన్న ప్రభుత్వం విచారణ లేకుండా మనుషుల్ని లోపల వేస్తుంటే, అది చిన్నదే గానీ పరిమితమైనది కాదు. మెయిన్స్ జవాబుల్లో ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే. పరిమిత ప్రభుత్వాన్ని, మార్కెట్‌కు అన్నీ వదిలేసే కనిష్ఠ ప్రభుత్వాన్ని ఒకే గాటన కట్టేస్తారు.

ఇక మొదటి సందేహం. రాజ్యాంగం ఉండడం వేరు, రాజ్యాంగవాదం ఉండడం వేరు. 1936 సోవియట్ రాజ్యాంగం 125వ అధికరణలో వాక్‌స్వాతంత్ర్యం, పత్రికా స్వాతంత్ర్యం, సభా స్వాతంత్ర్యం అన్నీ రాసి ఉన్నాయి. ఆ హక్కు చూపించి ప్రభుత్వ నిర్ణయాన్ని కొట్టేయించుకోగల స్వతంత్రమైన కోర్టు మాత్రం లేదు. 1933 మార్చిలో జర్మనీ పార్లమెంటు, మంత్రివర్గమే స్వయంగా చట్టాలు చేసుకోవచ్చని, అవి రాజ్యాంగానికి విరుద్ధంగా ఉన్నా చెల్లుతాయని చట్టం చేసింది. అక్కడ అప్పటికే ఉన్న వైమర్ రాజ్యాంగాన్ని ఎవరూ చింపి పారేయలేదు, కాగితం మీద అది అలాగే ఉండిపోయింది. బ్రిటన్ వైపు చూడండి. అక్కడ ఒకే పుస్తకంగా కూర్చిన రాజ్యాంగం నేటికీ లేదు. అయినా 1215 మాగ్నా కార్టా, 1628 హక్కుల విన్నపం, 1689 హక్కుల బిల్లు, వాటి చుట్టూ అల్లుకున్న సంప్రదాయాలు, కోర్టు తీర్పులు కలిసి రాజును, ఆ తర్వాత మంత్రివర్గాన్ని కట్టి ఉంచాయి. 1689లో తేల్చిన ముఖ్యమైన సంగతి ఒకటి గుర్తుపెట్టుకోండి: పార్లమెంటు ఒప్పుకోకుండా రాజు పన్ను వేయకూడదు. మన ఆర్టికల్ 265 దాని వారసురాలే.

మన రాజ్యాంగంలో ఈ హద్దులు నాలుగు రకాలుగా కనిపిస్తాయి. ఎవరు చేయొచ్చు అనేది మొదటిది. శాసనసభ చేయాల్సిన పని జీవోతో చేస్తే చెల్లదు. దేని మీద చేయొచ్చు అనేది రెండోది. కేంద్రానికీ రాష్ట్రాలకూ విషయాలు పంచే ఆర్టికల్ 246, ఏడో షెడ్యూలులోని మూడు జాబితాలు ఇక్కడికి వస్తాయి. ఏ పద్ధతిలో చేయాలి అనేది మూడోది: నోటీసు, విచారణ, గెజిట్, కారణాలు రాసిన ఉత్తర్వు. ఎంత దూరం పోవచ్చు అనేది నాలుగోది. ప్రాథమిక హక్కులు, వాటిని మీరే చట్టం ఆ మేరకు చెల్లదని చెప్పే ఆర్టికల్ 13, పరిమితి దాటిన ఆంక్షను కొట్టేసే అనుపాత సూత్రం దీని కిందికి వస్తాయి. అనుపాత సూత్రంలో అడిగేవి ఇవి: ఉద్దేశం న్యాయమైనదేనా, తీసుకున్న చర్యకూ ఆ ఉద్దేశానికీ పొంతన ఉందా, ఇంతకంటే తక్కువ ఇబ్బందితో ఆ పని జరిగే దారి ఉందా, పోయే హక్కుకూ వచ్చే మేలుకూ తూకం సరిపోయిందా. ఈ నాలుగు హద్దుల్నీ నిలబెట్టేవి ఆర్టికల్ 32, 226, అంటే రిట్ పిటిషన్‌తో నేరుగా సుప్రీంకోర్టుకో, హైకోర్టుకో పోయే దారులు. అవి లేకపోతే తక్కినవన్నీ హితవు చెప్పినట్టే ఉంటాయి.

కోర్టు వరండా, చిత్తూరు

మూడో ప్రశ్నకు నేను చెప్తాను తమ్ముడూ. పైన సార్ చెప్పిన నాలుగు హద్దుల్లో వ్యవహారంలో ఎక్కువగా పనిచేసేది మూడోది, అంటే పద్ధతి. ప్రాథమిక హక్కు పోయిందని వాదించి గెలిచే కేసుల కంటే, నోటీసు సరిగా ఇవ్వలేదని గెలిచే కేసులే ఎక్కువ.

కూల్చివేత తీసుకుందాం. కార్పొరేషన్ పరిధిలో 1955 మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం కింద మామూలుగా అక్రమ కట్టడం మీద సెక్షన్ 452 నోటీసు వస్తుంది, తర్వాత తొలగించమని సెక్షన్ 636 ఉత్తర్వు వస్తుంది. దాని మీద ఇప్పుడు 2024 నవంబరు 13 నాటి సుప్రీంకోర్టు తీర్పు వచ్చి కూర్చుంది. పూర్తి న్యాయం కోసం సుప్రీంకోర్టుకు ప్రత్యేక అధికారమిచ్చే ఆర్టికల్ 142 కింద దేశమంతటికీ ఇచ్చిన ఆదేశాలవి. అధికారి ఏం చేయాలో వరసగా చూడండి.

షోకాజ్ నోటీసు లేకుండా కూల్చకూడదు. జవాబుకు కనీసం 15 రోజులు ఇవ్వాలి, స్థానిక చట్టంలో అంతకంటే ఎక్కువ గడువు ఉంటే అదే లెక్క. నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో అక్‌నాలెడ్జ్‌మెంట్‌తో పంపాలి, కట్టడం బయటి భాగంలో కనిపించేలా అంటించాలి కూడా. 15 రోజులు లెక్కపెట్టేది నోటీసు మీద ఉన్న తేదీ నుంచి కాదు, అది మన చేతికి అందిన తేదీ నుంచి. పాత తేదీ వేసి నోటీసు పుట్టించే అలవాటును ఆపడానికి, నోటీసు అందించగానే కలెక్టర్ ఆఫీసుకు ఈమెయిల్ పంపాలని, అక్కడి నుంచి అందినట్టు జవాబు దానంతట అదే రావాలని కూడా పెట్టారు. నోటీసులో ఉల్లంఘన ఏమిటో ఫలానా అని రాయాలి, మనం ఏ కాగితాలు తేవాలో జాబితా ఇవ్వాలి, స్వయంగా వినే తేదీ, వినే అధికారి ఎవరో చెప్పాలి. ఆ విచారణలో ఏం జరిగిందో మినిట్స్ రాయాలి. చివరి ఉత్తర్వులో మన వాదన ఏమిటి, దాన్ని ఎందుకు ఒప్పుకోలేదు, జరిమానా కట్టించుకుని క్రమబద్ధం చేసే అవకాశం ఉందా, తప్పు ఒక భాగంలోనే ఉంటే కట్టడమంతా ఎందుకు పడగొట్టాలి, ఇవన్నీ ఉండాలి. ఆ ఉత్తర్వు అందాక కూడా ఇంకో 15 రోజులు ఆగాలి. ఆ లోపల అప్పీలుకు పోవచ్చు, లేదా మనమే తీసేసుకోవచ్చు. కూల్చేటప్పుడు వీడియో తీయాలి. ఇదంతా తప్పి కూలిస్తే కోర్టు ధిక్కారంతో పాటు, సంబంధిత అధికారి తన సొంత డబ్బుతో నష్టం పూడ్చాల్సి ఉంటుంది. పరిమిత ప్రభుత్వం అనే మాటకు ఇంతకంటే స్పష్టమైన రూపం మీకు ఇంకో చోట దొరకడం కష్టం.

ఈ రక్షణ ఎవరికి లేదో కూడా అంతే ముఖ్యం. రోడ్డు, వీధి, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క, నది, చెరువు లాంటి చోట్ల అక్రమంగా కట్టినవాటికి, కోర్టే కూల్చమన్న వాటికి ఆ ఆదేశాలు వర్తించవు. చెరువు పోరంబోకులో కట్టి ఈ తీర్పు పట్టుకుని పోతే మొదటి వాయిదాలోనే తేలిపోతుంది.

నోటీసు వచ్చాక మన వైపు ఎక్కడ చెడుతుందంటే, రాతపూర్వకమైన జవాబు ఇవ్వకపోవడం దగ్గర. కౌన్సిలర్ దగ్గరికి పోతారు, ఆఫీసులో నోటిమాటగా చెప్పి వస్తారు. 16వ రోజు ఉత్తర్వు వస్తుంది. అప్పుడు హైకోర్టులో సహజ న్యాయం జరగలేదంటే జడ్జి అడిగే మొదటి మాట "మీరు జవాబు ఇచ్చారా?" అనే. కాబట్టి నోటీసు, తపాలా ముద్ర కనిపించే కవరు, మంజూరైన ప్లాను, పన్ను రసీదులు, తేదీ తెలిసే ఫొటోలు ముందు పోగు చేసుకోవాలి. జవాబు రెండు కాపీలు తీసి, ఒకటి ఇన్‌వార్డులో ఇచ్చి రెండో దాని మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. ముద్ర వేయకపోతే అదే రోజు రిజిస్టర్డ్ పోస్టు చేయాలి. ఫైలులో ఏముందో తెలియకపోతే సమాచార హక్కు కింద నోట్ ఫైలు కాపీ అడగొచ్చు గానీ దానికి 30 రోజుల గడువు ఉంది, 15 రోజుల నోటీసుకు అది అందదు. దాని కోసం జవాబు ఆపకండి.

రిట్ వేయాల్సి వస్తే అమరావతిలోని హైకోర్టుకే. అప్పీలు దారి ఉండగా ఇక్కడికెందుకు వచ్చారని ప్రభుత్వ న్యాయవాది అడ్డుపడతారు. దానికి 1998 వర్ల్‌పూల్ కేసులో మినహాయింపులు చెప్పారు: ప్రాథమిక హక్కు విషయమైనా, సహజ న్యాయం తప్పినా, అధికారికి ఆ అధికారమే లేకపోయినా, చట్టాన్నే సవాలు చేసినా నేరుగా రిట్‌కు పోవచ్చు. పిటిషన్‌లో "ఆర్టికల్ 14, 21 ఉల్లంఘన" అని మొత్తంగా రాసేస్తే లాభం లేదు. ఏ తేదీన ఏ మెట్టు తప్పారో రాయాలి. పద్ధతి మీద గెలిచారంటే ఇల్లు సక్రమమని తేలినట్టు కాదు, మళ్లీ సరైన నోటీసు ఇచ్చి మొదటి నుంచీ రావచ్చు. ఆ మధ్యలో దొరికిన సమయాన్ని క్రమబద్ధీకరణకు వాడుకోవాలి. ఖర్చు భరించలేనివాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోవచ్చు, ఫోను 15100. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది.

భూసేకరణకూ ఇలాంటి కొలబద్ద ఉంది. ఆస్తి హక్కును కాపాడే ఆర్టికల్ 300ఏ కింద ఏడు హక్కులు ఇమిడి ఉన్నాయని 2024 మేలో కోల్‌కతా కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు విడదీసి చెప్పింది: నోటీసు, విచారణ, కారణాలతో కూడిన నిర్ణయం, ప్రజా ప్రయోజనం, న్యాయమైన పరిహారం, జాప్యం లేని ప్రక్రియ, సేకరణను చివరిదాకా ముగించడం. పరిహారం ఒక్కటి ఇచ్చేస్తే సరిపోదని ఆ తీర్పు సారాంశం.

ఇక సభల జీవో. 2023 జనవరి 2న రోడ్ల మీద సభలు, ర్యాలీలను కట్టడి చేస్తూ మన రాష్ట్రంలో జీవో 1 వచ్చింది. అప్పట్లో కుప్పంలో పెద్ద గొడవ అయింది దీని మీదే. కందుకూరు తొక్కిసలాట జరిగిన వెంటనే వచ్చింది కాబట్టి ఉద్దేశం ప్రజల భద్రత అన్నారు. దానికి ఆధారంగా చూపింది 1861 పోలీసు చట్టం సెక్షన్ 30. ఆ సెక్షన్ ఇచ్చేది ఊరేగింపులను, సభలను నియంత్రించే అధికారం. నియంత్రణ పేరుతో దాదాపు నిషేధం పెడితే ఆ సెక్షన్ దాటినట్టే. 2023 మే 12న హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. ఇక్కడ గమనించండి, భద్రత అవసరం లేదని కోర్టు అనలేదు. ఈ చట్టం నీకు ఇచ్చినంతే నీది అని చెప్పింది. ఇదే పాఠం జనం గుమిగూడకుండా పెట్టే 144 సెక్షన్‌కు కూడా. ఇప్పుడది కొత్త నేర ప్రక్రియ చట్టమైన బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 163. ఆ ఉత్తర్వు రెండు నెలలకు మించి నిలవదు, రాష్ట్ర ప్రభుత్వం పొడిగించినా ఇంకో ఆరు నెలల వరకే. ఉత్తర్వును బయటపెట్టాలని, అదే పనిగా మళ్లీ మళ్లీ ఇవ్వడం అధికార దుర్వినియోగమని 2020లో అనురాధా భసీన్ కేసులో చెప్పారు.

ఆడిట్ పుస్తకం

అందరూ కోర్టుల గురించే మాట్లాడుతున్నారు. ప్రభుత్వాన్ని కట్టి ఉంచే అతి పాత తాడు ఖజానా. దాన్ని వదిలేసి రాజ్యాంగవాదం మీద జవాబు రాస్తే సగమే రాసినట్టు.

వసూలు దగ్గర మొదలుపెట్టండి. చట్టం అధికారం లేకుండా ఏ పన్నూ వేయకూడదు, వసూలు చేయకూడదు: ఆర్టికల్ 265. ఈ రెండు మాటల్నీ విడిగా చదవాలి. వేయడానికి చట్టం ఉన్నా, వసూలు చేసే పద్ధతి చట్టం ప్రకారం లేకపోతే అదీ చెల్లదు. జీవోతోనో, కౌన్సిల్ తీర్మానంతోనో కొత్త పన్ను పుట్టదు, ఆ తీర్మానానికి వెనక చట్టం ఉండాలి. వసూలైనది ఆర్టికల్ 266 కింద సంచిత నిధిలో పడుతుంది. అందులోంచి ఒక్క రూపాయి తీయాలన్నా ఆర్టికల్ 204 కింద శాసనసభ చేసిన ద్రవ్య వినియోగ చట్టం కావాలి. చాలకపోతే 205 కింద అనుబంధ పద్దు, ఎక్కువ ఖర్చయిపోతే అదే ఆర్టికల్ కింద అదనపు పద్దు పెట్టి సభ చేత క్రమబద్ధం చేయించుకోవాలి. అప్పుకూ హద్దుంది. కేంద్రానికి పాత బాకీ ఉన్నంత కాలం రాష్ట్రం కొత్త అప్పు తేవాలంటే 293(3) ప్రకారం కేంద్రం సమ్మతి కావాలి. చివర్లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక, ఆర్టికల్ 151 ప్రకారం గవర్నర్ ద్వారా సభ ముందుకు.

ఈ వరసలో తెగిపోయేది ఎక్కడంటే, సభకు చేరేలోపు కాదు, చేరిన తర్వాత. అదనపు ఖర్చులు ఏళ్ల తరబడి క్రమబద్ధం కాకుండా మిగిలిపోతాయి. సంవత్సరం చివర్లో డబ్బు ఖర్చయినట్టు చూపించి పీడీ (పర్సనల్ డిపాజిట్) ఖాతాల్లోకి, అంటే అధికారుల పేరిట ఖజానాలో ఉండే ఖాతాల్లోకి మళ్లిస్తే, సభ ఏ పనికి ఓటు వేసిందో ఆ పనికి అది పోయిందో లేదో పట్టుకోవడం కష్టమవుతుంది. పద్దుల మీద చర్చ లేకుండా గిలెటిన్ వేసి ఒకేసారి ఆమోదిస్తే ఆ ఓటుకు బలం ఉండదు. ఈ హద్దును నిలబెట్టాల్సింది న్యాయమూర్తి కాదు, పద్దుల సంఘంలో, అంచనాల సంఘంలో కూర్చునే ఎమ్మెల్యే. తిరుచానూరులో పుట్టి, రాజ్యాంగ సభలో సభ్యుడై, తర్వాత లోక్‌సభ స్పీకర్ అయిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అంచనాల సంఘానికి కూడా అధ్యక్షత వహించారు. మన జిల్లా పిల్లలు ఆయన్ని స్పీకర్‌గానే గుర్తుపెట్టుకుంటారు, ఈ సంఘం పని కూడా అంతే గౌరవంగా చదవాలి.

బైరాగిపట్టెడ గ్రూప్స్

సార్లందరికీ కృతజ్ఞతలు, ఇప్పుడు చాలావరకు పట్టు దొరికింది. ఇంకొకటి మిగిలింది. జనం ఓట్లేసి గెలిపించిన ప్రభుత్వం, సభలో మెజారిటీ ఉన్న ప్రభుత్వం. అది చేసిన చట్టాన్ని, ఆఖరికి రాజ్యాంగ సవరణను కూడా ఎవరూ ఎన్నుకోని జడ్జిలు కొట్టేయడం ప్రజాస్వామ్యానికి వ్యతిరేకం కాదా? ఇంటర్వ్యూలో ఇది తప్పకుండా అడుగుతారని అంటున్నారు.

ప్రకాశం రోడ్డు పొలిటికల్ సైన్స్

ఓటు ఇచ్చేది పాలించే హక్కు, హద్దులు చెరిపేసే హక్కు కాదు. ఐదేళ్లకు ఎన్నికైన సభ, ఆరో ఏట ఎన్నికలు వద్దని మెజారిటీతో తీర్మానిస్తే అది చెల్లుతుందా? చెల్లదని ఒప్పుకుంటే, మెజారిటీకి పైన ఇంకేదో ఉందని ఒప్పుకున్నట్టే. అక్కడి నుంచి మిగతాదంతా ఆ "ఇంకేదో" ఎంత, దాన్ని ఎవరు తేలుస్తారు అన్న వాదనే.

మన దగ్గర ఆ వాదన నడిచిన క్రమం ఇది. 1951 శంకరీ ప్రసాద్, 1965 సజ్జన్ సింగ్ కేసుల్లో పార్లమెంటు ఏదైనా సవరించొచ్చు అన్నారు. 1967 గోలక్‌నాథ్‌లో, గుంటూరులో ఉన్న ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తిగా చేసిన కోకా సుబ్బారావు సీజేఐగా ఉన్న 11 మంది ధర్మాసనం, 6-5తో ప్రాథమిక హక్కుల్ని సవరణతో కూడా తగ్గించకూడదంది. ఏ భాగాన్నైనా సవరించే అధికారం తనకుందంటూ పార్లమెంటు 1971లో 24వ సవరణతో జవాబిచ్చింది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది కూర్చుని 7-6తో మధ్యదారి పట్టారు: దేన్నైనా సవరించుకో, మౌలిక స్వరూపం మాత్రం మిగలాలి. తర్వాత 42వ సవరణ, సవరణాధికారానికి హద్దే లేదని, కోర్టులు ప్రశ్నించకూడదని, సవరణ పద్ధతి చెప్పే ఆర్టికల్ 368కి రెండు క్లాజులు తగిలించింది. 1980 మినర్వా మిల్స్ వాటిని కొట్టేసింది. అందులోని తర్కమే పరిమిత ప్రభుత్వానికి గుండెకాయ: పరిమిత అధికారం పొందినవాడు, ఆ అధికారాన్నే వాడుకుని దాన్ని అపరిమితం చేసుకోలేడు.

మీ జవాబుకు మన రాష్ట్రం నుంచే ఒక ఉదాహరణ ఉంది, చాలామంది వదిలేస్తారు. 1973లో 32వ సవరణతో వచ్చిన ఆర్టికల్ 371డి ఉద్యోగుల కోసం పరిపాలనా ట్రిబ్యునల్ పెట్టింది. దాని ఐదో క్లాజులో, ట్రిబ్యునల్ ఇచ్చిన ఉత్తర్వును రాష్ట్ర ప్రభుత్వం మార్చొచ్చు, రద్దు చేయొచ్చు అని ఉండేది. అంటే తన మీద కేసు గెలిచిన ఉద్యోగి తీర్పును ప్రభుత్వమే పక్కన పెట్టేయొచ్చు. 1987 సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు దాన్ని చట్టబద్ధ పాలనకు విరుద్ధమని, మౌలిక స్వరూపానికి దెబ్బ అని కొట్టేసింది. ప్రతివాదే తీర్పరి కాకూడదన్న సూత్రం మన సచివాలయం తలుపు దగ్గరే నిలబడింది.

రేణిగుంట జంక్షన్

కోర్టుల మీద ఇంత భారం వేయడం నాకు సమ్మతం కాదు సార్. 1976 ఏప్రిల్‌లో ఏడీఎం జబల్‌పూర్ కేసులో, అత్యవసర పరిస్థితి ఉన్నప్పుడు అక్రమంగా నిర్బంధించినా హెబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే పిటిషన్) వేసుకునే దారి లేదని 4-1తో చెప్పింది సుప్రీంకోర్టే. అడ్డం నిలిచింది హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. ఆ తప్పును కోర్టు తనంతట తాను పూర్తిగా కడిగేసుకున్నది 2017 పుట్టస్వామి తీర్పులో. దానికి దాదాపు నలభై ఏళ్ల ముందే దిద్దింది ఎవరు? 1977లో ఓటర్లు, 1978లో పార్లమెంటు. 44వ సవరణ, అత్యవసర పరిస్థితి ప్రకటించే కారణాల్లోంచి "అంతర్గత కల్లోలం" తీసేసి "సాయుధ తిరుగుబాటు" అని పెట్టింది, మంత్రివర్గం రాతపూర్వకంగా చెబితేనే రాష్ట్రపతి ప్రకటించాలంది, నెల లోపల రెండు సభల్లోనూ ప్రత్యేక మెజారిటీతో ఆమోదం కావాలంది, నేరారోపణలో రక్షణలు, ప్రాణ స్వేచ్ఛలు ఇచ్చే ఆర్టికల్ 20, 21ని ఏ పరిస్థితిలోనూ సస్పెండ్ చేయకూడదంది.

మన రాష్ట్రం ఉదాహరణే కావాలంటే 1984 ఉంది. ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్.టి. రామారావును తొలగించారు. ఆయనకున్న బలం సభలో తేల్చలేదు. సెప్టెంబరు 16న రామారావు మళ్లీ ప్రమాణం చేశారంటే కారణం కోర్టు ఉత్తర్వు కాదు, చెక్కు చెదరకుండా నిలబడిన ఎమ్మెల్యేలు, వీధుల్లోకి వచ్చిన జనం. బలం తేలాల్సింది సభలోనే, రాజ్‌భవన్‌లో కాదని సుప్రీంకోర్టు బొమ్మై కేసులో చెప్పింది పదేళ్ల తర్వాత, 1994లో.

కోర్టు వరండా, చిత్తూరు

రేణిగుంట అన్న చెప్పిందాంట్లో నిజం ఉంది, వాదించను. ఒక్క మాట కలుపుతాను. 1994 తర్వాత ఏ గవర్నరైనా ఆ పని చేస్తే నెల రోజులు ఆగాల్సిన పని లేదు, బలపరీక్ష పెట్టమని వారం తిరక్కముందే కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. జనం గెలిచి చూపించినదాన్ని తర్వాతి వాళ్లకు అందుబాటులో ఉంచేది తీర్పు. కోర్టుకూ హద్దులున్నాయి. ఈ పథకం మంచిదా చెడ్డదా, ఈ రోడ్డు ఇటు పోవాలా అటు పోవాలా అని జడ్జి తేల్చడు. అధికారం ఉందా, పద్ధతి పాటించారా, హక్కు మీద పడిన దెబ్బ మోతాదు మించిందా, అంతవరకే. ఆ గీత దాటి విధానాలు కోర్టే రాసిన సందర్భాలూ ఉన్నాయి. వాటి మీద విమర్శ కూడా రాజ్యాంగవాదంలో భాగమే, జవాబులో రెండు లైన్లు రాయండి.

బైరాగిపట్టెడ గ్రూప్స్

చాలా స్పష్టంగా ఉంది. ఆఖరిగా రెండు చిన్నవి. టీటీడీ ప్రభుత్వం కాదు గదా, దానికి ఈ హద్దులు వర్తిస్తాయా? రెండోది, నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లుతుందా? మా వీధిలో ఒకాయన అది లెక్కలోకి రాదని పక్కన పెట్టేశారు.

ప్రకాశం రోడ్డు పొలిటికల్ సైన్స్

టీటీడీ చట్టం పుట్టించిన సంస్థ. 1987 దేవాదాయ చట్టంలో దానికి ప్రత్యేక అధ్యాయమే ఉంది. చట్టం ఇచ్చినంత అధికారమే దానిది, దాటితే రిట్ వేయొచ్చు. రాజ్యానికి ఆలయం విషయంలో ఉన్న హద్దు ఆర్టికల్ 25, 26లో ఉంది: ఆస్తులు, ఆదాయం, ఉద్యోగాలు లాంటి లౌకిక నిర్వహణను చట్టంతో క్రమబద్ధం చేయొచ్చు, పూజా విధానం జోలికి పోకూడదు. అర్చకుల వంశపారంపర్య హక్కు రద్దును 1996లో సుప్రీంకోర్టు సమర్థించింది ఈ విభజన మీదే: అర్చకుణ్ని నియమించడం లౌకికం, ఆగమం ప్రకారం జరిగే పూజ మతపరం.

కోర్టు వరండా, చిత్తూరు

వాట్సాప్ సంగతి: కూల్చివేతకు రిజిస్టర్డ్ పోస్టు, గోడకు అంటించడం రెండూ కావాలని 2024 తీర్పులో ఉంది కాబట్టి వాట్సాప్ ఒక్కటీ చాలదు. అలాగని పక్కన పెట్టేయమనకండి సామీ. తర్వాత ఫైలులో "నోటీసు అందింది, జవాబు లేదు" అని రాసుకుంటారు. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీయించండి. "ఫలానా తేదీన వాట్సాప్‌లో చూశాను, చట్ట ప్రకారం నోటీసు నాకు ఇంకా అందలేదు, అందాక పూర్తి జవాబు ఇస్తాను, విచారణ తేదీ తెలియజేయండి" అని నాలుగు లైన్లు కమిషనర్ పేరుతో రాసి, సంతకం చేసి, రేపే ఇన్‌వార్డులో ఇచ్చి ముద్ర వేయించుకోమనండి. 15 రోజుల లెక్క మీద పేచీ వస్తే ఆ కాగితమే పనికొస్తుంది.